మీ పొలం నీళ్లు జన్యువులకు హాని చేస్తున్నాయా? ఉల్లి వేరుతో పరీక్ష, పూర్తి పద్ధతి



మనం ప్రకృతి వ్యవసాయంలో మందు కొట్టం, యూరియా చల్లం. మన చేతిలో ఉన్నంత వరకు పొలం శుభ్రం. కానీ కాలువ నీళ్లు మన చేతిలో లేవు. పైన ఫ్యాక్టరీ ఉండొచ్చు, పట్నం మురుగు కలవొచ్చు, పక్క చేలో కొట్టిన మందు మొదటి వానకి కొట్టుకొచ్చి మన కుంటలో చేరొచ్చు. సర్టిఫికెట్ కోసం ల్యాబ్‌కి పంపితే వాళ్ల జాబితాలో ఉన్న మందులు ఉన్నాయా లేవా అని మాత్రమే చెప్తారు. జాబితాలో లేనిది రిపోర్టులో రాదు. నాలుగైదు రసాయనాలు కొంచెం కొంచెంగా కలిసి ప్రాణమున్న కణాన్ని ఏం చేస్తున్నాయో కూడా ఆ రిపోర్టులో ఉండదు.

మరి అది ఎలా తెలుస్తుంది? మొక్కనే అడగాలి. మొక్క కణంలో జన్యువులు దెబ్బతింటే మైక్రోస్కోపులో కంటికి కనిపిస్తుంది. ప్రపంచంలో చాలా దేశాల్లో దీన్ని ఒక పరీక్షగా వాడుతున్నారు. అందులో అన్నిటికంటే తేలికైనది, మన వంటింట్లో ఉండే ఉల్లిగడ్డతో చేసేది. సగం పని ఇంటి దగ్గర, సగం పని కాలేజీ ల్యాబ్‌లో. గ్లాసులు ఎలా సర్దాలో వీడియోలో చూపించాను. లెక్కలు, కారణాలు, జాగ్రత్తలు ఇక్కడ రాస్తున్నాను, నిదానంగా చదవండి.

ముందు ఇది అర్థం చేసుకుందాం: జన్యువుకి దెబ్బ అంటే ఏంటి?

ప్రతి కణం మధ్యలో కేంద్రకం ఉంటుంది. దాంట్లో క్రోమోజోములు అనే దారాలు. ఆ దారాల మీద జన్యువులు ఉంటాయి. వేరు పొడవు పెరగాలంటే వేరు కొనలో ఉన్న కణం రెండుగా చీలాలి. చీలే ముందు క్రోమోజోములన్నీ జంటగా తయారవుతాయి, తర్వాత సగం అటు, సగం ఇటు సరిగ్గా పంచుకుంటాయి. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టు, ఒక్క గజం కూడా తేడా రాకూడదు.

ఆ సమయంలో విషం తగిలితే ఈ పంపకం చెడుతుంది. క్రోమోజోము తెగిపోతుంది, లేదా రెండు క్రోమోజోముల కొనలు అతుక్కుని మధ్యలో వంతెనలాగా సాగుతాయి, లేదా ఒక ముక్క ఎటూ పోకుండా మధ్యలో ఉండిపోతుంది. ఉండిపోయిన ముక్క పెద్ద కేంద్రకం పక్కనే చిన్న చుక్కలా విడిగా నిలుస్తుంది. దీన్ని మైక్రోన్యూక్లియస్ అంటారు, సూక్ష్మ కేంద్రకం అన్నమాట. కణానికి దెబ్బ తగిలిందని చెప్పే గుర్తుల్లో లెక్కపెట్టడానికి తేలికైనది ఇదే.

ఉల్లిగడ్డే ఎందుకు?

వరి వేరుతో ఎందుకు చేయకూడదు అని అడుగుతారు. వరిలో 24 క్రోమోజోములు, అవి చాలా చిన్నవి, చూడటం కష్టం. ఉల్లిలో 16 మాత్రమే, పైగా పెద్దవి. మామూలు కాలేజీ మైక్రోస్కోపులో విడివిడిగా కనిపిస్తాయి. ఉల్లి వేర్లు నాలుగు రోజుల్లో తయారవుతాయి, ఒకే గడ్డకి చాలా వేర్లు వస్తాయి, ఖర్చు లేదు. మట్టి లేకుండా నీళ్లలోనే వేరు దిగుతుంది కాబట్టి నీటిలో ఉన్నది నేరుగా వేరుకే తగులుతుంది.

ఈ పరీక్షకి పునాది వేసింది ఆల్బర్ట్ లెవాన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త, 1938లో. ఆయన ఉల్లి వేర్ల మీద కోల్చిసిన్ అనే పదార్థం ఏం చేస్తుందో చూశారు. తర్వాత 1985లో అదే స్వీడన్‌కి చెందిన గేరిడ్ ఫిస్కెషో దీన్ని పర్యావరణ కాలుష్యం కొలిచే ప్రామాణిక పరీక్షగా వాడొచ్చని పద్ధతి అంతా రాసి చూపించారు. అప్పటి నుంచి ఫ్యాక్టరీ నీళ్లు, నదులు, పురుగుమందులు, చెత్త దిబ్బల నుంచి ఊరే నీళ్లు, ఇలా ఎన్నిటినో ఉల్లి మీద పరీక్షించారు.

గాలికి వేరే మొక్క ఉంది. ట్రడెస్కాన్షియా జాతి మొక్కలు. వీటిలో ఊదా రంగు ఆకులది మన దగ్గర కూడా ఇళ్ల ముందు కుండీల్లో, పార్కుల్లో పెంచుతారు. పరిశోధనల కోసం తీసుకునే ఒక రకంలో పువ్వు కేసరాల మీద సన్నటి నీలి నూగు ఉంటుంది. నీలి రంగు జన్యువు దెబ్బతిన్న కణం గులాబీ రంగుకి మారుతుంది, నీలం గులాబీ లెక్కపెడితే చాలు. అమెరికాలో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల వాళ్లు 1970లలో ఈ మొక్కల్ని బండిలో పెట్టుకుని పారిశ్రామిక పట్టణాలకి వెళ్లి అక్కడి గాలిని పరీక్షించారు. బ్రెజిల్‌లోని సావో పాలో ప్రాంతంలో ఊదా రంగు రకాన్ని పెట్టి, వాహనాల పొగ ఉన్నచోట మైక్రోన్యూక్లియస్‌లు లెక్కపెట్టారు. మనకి నీళ్లు ముఖ్యం కాబట్టి ఉల్లి దగ్గరే ఉందాం.

నిజంగా పట్టుకుంటుందా? చెర్నోబిల్ ఏం చెప్పింది

1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగింది. చాలా ఏళ్ల తర్వాత కూడా ఉక్రెయిన్‌లో మనుషులు నివసిస్తున్న ఊళ్ల మట్టిని తెచ్చి ఉల్లి వేర్ల మీద చూశారు. 1998లో వచ్చిన ఆ పరిశోధనలో, మట్టిలో అణుధార్మికత ఎంత ఎక్కువ ఉంటే వేరు కణాల్లో క్రోమోజోముల దెబ్బ అంత ఎక్కువ కనిపించింది. మిషన్లు చెప్పిన మాటనే ఉల్లిగడ్డ కూడా చెప్పింది.

2000లో గోధుమ మీద ఇంకో పరిశోధన వచ్చింది. చెర్నోబిల్ దగ్గరి కలుషితమైన నేలలో, శుభ్రమైన నేలలో ఒకే గోధుమ వేశారు. కలుషిత నేలలో పండిన పంటలో తర్వాతి తరానికి వెళ్లే జన్యు మార్పుల రేటు ఆరు రెట్లు ఉంది. ఒక్క పంటకాలంలోనే!

మన విత్తనం మనమే దాచుకునే వాళ్లం కాబట్టి ఈ రెండింటికీ తేడా తెలుసుకోవాలి. వేరులో జరిగిన దెబ్బ వేరులోనే ఆగిపోతుంది, విత్తనంలోకి పోదు. కాబట్టి ఉల్లి పరీక్షలో తేడా వచ్చిందంటే మీ దేశీ విత్తనం చెడిపోయిందని కాదు. కానీ పువ్వు, పుప్పొడి తయారయ్యే కణాలకి దెబ్బ తగిలితే అది విత్తనంలోకి వెళ్లొచ్చు, గోధుమలో జరిగింది అదే. ఉల్లి పరీక్ష మనకి ముందస్తు హెచ్చరిక.

ల్యాబ్ రిపోర్టు ఉండగా ఇదెందుకు?

మన దగ్గరి ఉదాహరణ చెప్తాను. పటాన్‌చెరు ప్రాంతంలో మందుల ఫ్యాక్టరీల వ్యర్థ జలాలు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. అందులో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. శుద్ధి చేశాక ఉన్న నీళ్లివి! ఇప్పుడు ఆలోచించండి, దిగువన ఉన్న రైతు తన నీళ్లు ల్యాబ్‌కి పంపితే పీహెచ్, ఉప్పు, నైట్రేట్, మహా అయితే పురుగుమందుల అవశేషాలు చూస్తారు. యాంటీబయాటిక్ చూడండి అని ఎవరు అడుగుతారు? ఉందని తెలిస్తే కదా అడగడానికి.

ల్యాబ్ పరీక్ష "ఇది ఎంత ఉంది?" అనే ప్రశ్నకి జవాబు. ఉల్లి పరీక్ష "ఇందులో ఏదున్నా సరే, కణానికి హాని ఉందా?" అనే ప్రశ్నకి జవాబు. ఉల్లి పేరు చెప్పదు, ల్యాబ్ హాని చెప్పదు. అందుకే రెండూ కావాలి. ముందు ఉల్లి, తర్వాత ల్యాబ్ అయితే డబ్బు కూడా మిగులుతుంది.

మొదటి భాగం: ఇంటి దగ్గర చేసేది

1. నీళ్లు పట్టడం. కనీసం రెండు చోట్ల పట్టండి: అనుమానం ఉన్న కాలువ లేదా బోరు ఒకటి, అందరూ తాగే మంచి బావి లేదా బోరు ఒకటి. వాగు అయితే ఫ్యాక్టరీకి పైన ఒకటి, కింద ఒకటి. మందు డబ్బాలు ఎంత కడిగినా వాడొద్దు. శుభ్రమైన సీసాని అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి నింపండి. మున్సిపాలిటీ నీళ్లు పోల్చడానికి వాడితే క్లోరిన్ పోయేలా ఒక రాత్రి మూత లేకుండా ఉంచండి.

2. పీహెచ్, ఉప్పు చూడటం. ఇది వదలొద్దు. ఉప్పు నీళ్లలో కూడా వేరు పొట్టిగానే వస్తుంది. మన బోర్లలో చాలా వాటికి ఉప్పు ఎక్కువ. పీహెచ్, ఈసీ ముందే రాసిపెట్టుకుంటే తర్వాత వేరు ఎందుకు ఆగిందో తికమక పడం.

3. గడ్డలు ఎంచుకోవడం. ఒకే సైజు చిన్న గడ్డలు, ఒకే కుప్ప నుంచి తీసుకోండి. మీ పొలంలో పండినవైతే మరీ మంచిది. దీనికి కారణం ఉంది. నిల్వలో మొలకెత్తకుండా కొన్ని దేశాల్లో ఉల్లి మీద మాలిక్ హైడ్రజైడ్ కొడతారు. అది మొక్కల క్రోమోజోముల్ని తెంపే పదార్థమే. మన దేశంలో మహారాష్ట్రలోని లాసల్‌గావ్‌లో ఉల్లికి గామా కిరణాలు పెట్టే కేంద్రం ఉంది. ఎక్కడిదో తెలియని గడ్డ తెస్తే దాని దెబ్బని నీళ్ల దెబ్బ అనుకుంటాం.

4. సిద్ధం చేయడం. పైన ఎండు పొర తీసేయండి. అడుగున ఎండిపోయిన పాత వేర్ల చెక్కని బ్లేడుతో జాగ్రత్తగా గీకండి. చుట్టూ ఉంగరంలా కనిపించే కొత్త వేర్ల మొలకలు తెగకూడదు.

5. గ్లాసులు పెట్టడం. నాలుగు వరుసలు: మంచి నీళ్లు, అనుమానం నీళ్లు పూర్తిగా, సగం మంచి నీళ్లు కలిపినవి, మూడొంతులు మంచి నీళ్లు కలిపినవి. ఒక్కో వరుసకి ఆరు గడ్డలు, మొత్తం 24. గడ్డకి పుల్లలు గుచ్చి గ్లాసు అంచు మీద ఆనించండి. అడుగు మాత్రమే నీటిని తాకాలి, గడ్డ మునగకూడదు. నీడలో, చల్లగా, ఎండ తగలని చోట పెట్టండి. రోజూ ఒకే సమయానికి నీళ్లు మార్చండి.

6. కొలవడం. నాలుగు రోజులు పూర్తయ్యాక, అంటే 96 గంటలకి, ప్రతి గడ్డకీ పొడవైన ఐదు వేర్లు స్కేలుతో కొలిచి సగటు తీయండి. గ్లాసుల కింద నంబర్లు మాత్రమే వేసి, ఏది ఏ నీళ్లో తెలియని మనిషితో కొలిపించండి. మనసులో అనుమానం ఉంటే చెయ్యి కూడా అటే కొలుస్తుంది!

లెక్క ఇలా చేయండి. ఉదాహరణకి మంచి నీళ్లలో వేరు సగటు 40 మిల్లీమీటర్లు అనుకోండి. అనుమానం నీళ్లలో 18 వస్తే, 18ని 40తో భాగించి వందతో గుణిస్తే 45 శాతం. సగం కలిపిన దాంట్లో 30 వస్తే 75 శాతం. మూడొంతులు కలిపిన దాంట్లో 38 వస్తే 95 శాతం. మంచి నీళ్లు కలిపే కొద్దీ వేరు కోలుకుంటోంది అంటే, నీళ్లలో ఉన్నదే ఆపుతోందని అర్థం. అలా వరుసగా రాకుండా అడ్డదిడ్డంగా వస్తే గడ్డల్లోనో, పెట్టిన తీరులోనో తేడా ఉంది, మళ్లీ చేయండి.

పొడవుతో పాటు వేరు రూపం కూడా చూడండి. కొన ఉబ్బిందా, కొక్కెంలా వంగిందా, గోధుమ రంగుకి తిరిగిందా, మెత్తబడిందా? ఫోటో తీసి పెట్టుకోండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. వేరు పొట్టిగా వచ్చిందంటే నీళ్లు బాగాలేవని మాత్రమే. జన్యువు దెబ్బతిందని ఇంకా తేలలేదు. అది తేలాలంటే రెండో భాగం చేయాల్సిందే. అలాగే వేరు బాగా పెరిగినా లోపల క్రోమోజోములకి దెబ్బ ఉండొచ్చు. అనుమానం గట్టిగా ఉంటే పొడవు బాగుందని ఆగిపోవద్దు.

రెండో భాగం: ల్యాబ్‌లో చేసేది

దీనికి మైక్రోస్కోపు, కొన్ని ఆమ్లాలు కావాలి. ఇంట్లో చేయొద్దు. దగ్గర్లో డిగ్రీ కాలేజీ బోటనీ ల్యాబ్‌నో, వ్యవసాయ పాలిటెక్నిక్‌నో అడగండి. ఉల్లి వేరు కొన స్లయిడ్ డిగ్రీలో, మా డిప్లొమా ప్రాక్టికల్స్‌లో అందరూ చేసేదే, మేడమ్‌లకి, సార్లకి కొత్త కాదు. పిల్లలకి ప్రాజెక్టు కూడా అవుతుంది కాబట్టి చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

దీనికి విడిగా కొన్ని గడ్డలు పెట్టండి. ముందు మంచి నీళ్లలో వేర్లు ఒకటి రెండు సెంటీమీటర్లు రానివ్వండి, తర్వాత సగం గడ్డల్ని 24 నుంచి 48 గంటలు అనుమానం నీళ్లలోకి మార్చండి. మిగతా సగం మంచి నీళ్లలోనే ఉండాలి. ఆ తర్వాత వేరు కొనలు కోసి, మూడు పాళ్లు ఆల్కహాల్, ఒక పాలు అసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో ఒక రోజు ఉంచుతారు. కణాలు ఏ స్థితిలో ఉన్నాయో అలాగే నిలిచిపోతాయి. అక్కడి నుంచి 70 శాతం ఆల్కహాల్‌లో ఫ్రిజ్‌లో పెడితే తీరిక దొరికాక చూసుకోవచ్చు. చూసేటప్పుడు పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కాసేపు వేడిచేసి మెత్తబరిచి, అసిటోకార్మిన్ లేదా అసిటో ఆర్సీన్ రంగు వేసి, స్లయిడ్ మీద నొక్కి, 400 రెట్లు పెద్దది చేసి చూస్తారు.

ఒక్కో స్లయిడ్‌లో వెయ్యి కణాలు లెక్కపెట్టమనండి. రాయాల్సినవి మూడు:

ఒకటి, వెయ్యిలో ఎన్ని కణాలు చీలుతున్నాయి. మంచి నీళ్ల కంటే బాగా తగ్గితే వేరు పెరుగుదల ఆగుతోందని.

రెండు, చీలుతున్న వాటిలో ఎన్నిటికి వంతెనలు, తెగిన ముక్కలు, వెనకబడిన క్రోమోజోములు ఉన్నాయి.

మూడు, ఎన్ని కణాల్లో మైక్రోన్యూక్లియస్ ఉంది.

మంచి నీళ్లలో కూడా అక్కడక్కడ ఒకటి రెండు కనిపిస్తాయి. అది సహజం, కణం ఎప్పుడైనా పొరపాటు పడుతుంది. అందుకే విడిగా అంకె చూసి భయపడొద్దు. మంచి నీళ్ల స్లయిడ్‌తో పోల్చాలి, ఆరు గడ్డల్లోనూ అదే తేడా రావాలి.

మన కషాయాలని కూడా పరీక్షిద్దాం

ఇది కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్తాను. లెవాన్ 1938లో ఉల్లి మీద పెట్టిన కోల్చిసిన్ ఫ్యాక్టరీలో పుట్టిన రసాయనం కాదు. కోల్చికం అనే మొక్కది. మన అడవుల్లో దొరికే అడవినాభి దుంపలో కూడా ఉంటుంది. కణం చీలేటప్పుడు క్రోమోజోముల్ని రెండు వైపులకి లాగే దారాల్ని అది కట్టుకోనివ్వదు. క్రోమోజోములు జంట అవుతాయి, పంపకం మాత్రం జరగదు. వేరు కొన ఉబ్బిపోతుంది.

అంటే మొక్క నుంచి వచ్చింది కాబట్టి హాని లేదు అనే మాట నిలబడదు. మనం అగ్ని అస్త్రంలో పొగాకు వేస్తాం, దశపర్ణిలో ఉమ్మెత్త వేస్తాం. పురుగుని చంపేది ఏదైనా ప్రాణమున్న కణం మీద ఏదో ఒకటి చేస్తుంది. చిక్కటి కషాయంలో ఉల్లి వేరు ఆగిపోతే ఆశ్చర్యం లేదు. మనం చూడాల్సింది పొలంలో ఎంత నీళ్లు కలిపి కొడతామో ఆ పాళ్లలో. ఆ పాళ్లలో వేరు మంచి నీళ్లతో సమానంగా వస్తే ఆ కొలతే పాటించండి. తగ్గితే ఇంకొంచెం నీళ్లు కలిపి మళ్లీ చూడండి. "ఎక్కువ వేస్తే బాగా పనిచేస్తుంది" అనే అలవాటుని ఈ పరీక్ష సరిచేస్తుంది. పక్క రైతు మందుని ఏ కొలతతో కొలుస్తామో, మన కషాయాన్ని కూడా అదే కొలతతో కొలవాలి. అప్పుడే మన మాటకి విలువ.

ఈ పరీక్ష చెప్పలేనివి

మనిషికి జబ్బు వస్తుందా రాదా అని చెప్పదు. మొక్క కణం, మనిషి కణం ఒకటి కాదు, కొన్ని రసాయనాలు మన కాలేయంలో మారాకే హానికరం అవుతాయి. కాకపోతే జన్యు పదార్థం రెండింటిలోనూ ఒకటే కాబట్టి హెచ్చరికగా తీసుకోవాలి.

ఏ రసాయనమో చెప్పదు. పంటలో అవశేషం ఉందో లేదో చెప్పదు. ఒక రోజు పట్టిన నీళ్లు ఏడాది మొత్తానికి సాక్ష్యం కాదు. కాబట్టి మొదటి వానలప్పుడు ఒకసారి, ఎండాకాలం వాగు సన్నబడ్డప్పుడు ఒకసారి, కనీసం రెండుసార్లు చేయండి.

తేడా వస్తే ఏం చేయాలి?

ముందు రెండోసారి చేసి ఖాయం చేసుకోండి. అదే ఫలితం వస్తే వాగు వెంట పైకి వెళ్తూ రెండు మూడు చోట్ల నీళ్లు పట్టండి. వేరు ఎక్కడ బాగుంది, ఎక్కడి నుంచి చెడింది అన్నది తేలితే కలిసే చోటు దొరికినట్టే. అప్పుడు ల్యాబ్‌కి వెళ్లి, ఆ చుట్టుపక్కల ఏముందో దాన్నిబట్టి భార లోహాలా, పురుగుమందులా, మందుల ఫ్యాక్టరీ వ్యర్థాలా అని చెప్పి పరీక్ష అడగండి. కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెట్టేటప్పుడు తేదీ, చోటు, కొలతలు, ఫోటోలు, స్లయిడ్ లెక్కలు అన్నీ జతచేయండి. "నీళ్లు వాసనొస్తున్నాయి" అన్న అర్జీకీ, ఊరి రైతులు పదిమంది ఒకే పద్ధతిలో చేసిన పట్టికకీ చాలా తేడా ఉంటుంది.

ఈలోగా ఆకుకూరలకి, నారుమడికి, విత్తనం కోసం వదిలిన మడికి ఆ నీళ్లు పెట్టకండి. వేరే దారి ఉన్నంత వరకు మంచి బోరు నీళ్లు వాటికి కేటాయించండి.

24 ఉల్లిగడ్డలు, 24 గ్లాసులు, ఒక స్కేలు, నాలుగు రోజులు. ఒక నోట్‌బుక్ పెట్టి తేదీ, నీళ్లు పట్టిన చోటు, పీహెచ్, ఈసీ, వేరు పొడవు అని ఐదు గళ్లు గీయండి. ఏటా రెండుసార్లు నింపితే మూడేళ్లలో మీ ఊరి నీళ్ల చరిత్ర మీ చేతిలో ఉంటుంది. ఈ ఖరీఫ్ మొదటి వానకే మొదలుపెట్టండి.